మత్తులో మనిషి, మెలకువలో గుండె

సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు నుంచి బయటికొస్తే బోయిగూడ. అక్కణ్నుంచి కలప డిపోలు దాటి ముషీరాబాద్ దారి పడితే గాంధీ ఆస్పత్రి. 1851లో ఇప్పటి స్టేషన్ దగ్గర చిన్న వైద్యశాలగా మొదలై, కొంతకాలం కింగ్ ఎడ్వర్డ్ పేరుతో నడిచి, 1958లో గాంధీ ఆస్పత్రి అయింది. 2003లో పాత ముషీరాబాద్ జైలు ఉన్న స్థలంలోకి మారింది. జిల్లాల నుంచి ఆపరేషన్ కోసం వచ్చే కుటుంబాలు ఇలాంటి పెద్దాస్పత్రుల్లో ఎక్కువగా అడిగేది కోత గురించి కాదు, మత్తు గురించి. "మత్తు ఎక్కువైతే మళ్లీ లేస్తడా సారూ?"

న్యాయమైన ప్రశ్నే. కానీ పూర్తి మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో ఒక ఘట్టం ఉంది. అక్కడ మత్తు డాక్టరు ఎక్కువ కావడానికి ఎంత భయపడతారో, చాలకపోవడానికీ అంతే భయపడతారు. కత్తి ఇంకా బయటికి తీయకముందే వచ్చే ఘట్టం అది. రోగి ఊపిరి ఆడేందుకు గొంతులోంచి శ్వాసనాళంలోకి పైపు వేసే సమయం. రోగికి స్పృహ ఉండదు, తర్వాత ఏమీ గుర్తుండదు. గుండె మాత్రం ఆ పైపు సంగతి గుర్తుపడుతుంది. బీపీ ఎగుస్తుంది, నాడి పరుగెడుతుంది. దాన్ని అదుపులో పెట్టడం మత్తు వైద్యంలో రోజూ చేసే పని. డాక్టర్లకు మామూలైన ఈ పని గురించి రోగుల్లో తెలిసినవాళ్లు తక్కువ.

పదిహేను సెకన్ల పని

కలప డిపోలో పనిచేసే 58 ఏళ్ల మనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. పిత్తాశయంలో రాళ్లు. కొన్నేళ్లుగా బీపీ. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు. ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, చేతికి బీపీ పట్టీ. టెన్షన్‌తో బీపీ 150/90 దగ్గర ఉంది. ముందు మాస్కు పెట్టి మూడు నిమిషాలు ఆక్సిజన్ పీల్పిస్తారు. ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండాలి కదా. ఆ తర్వాత సెలైన్ గొట్టంలోంచి ఫెంటానిల్ అనే నొప్పి మందు, దాని వెనక పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్. పేరు పెట్టి పిలిస్తే పలకడు. రెప్ప మీద వేలు ఆనిస్తే కదలదు. ప్రొపొఫాల్ రక్తనాళాలను వదులు చేస్తుంది కాబట్టి బీపీ 110/70కి దిగుతుంది. తర్వాత కండరాలను సడలించే వెకురోనియం లాంటి మందు. అది పనిచేయడానికి మూడు నిమిషాల దాకా పడుతుంది. అంతసేపూ మాస్కు, బ్యాగుతో డాక్టరే ఊపిరి పోస్తారు.

ఇక అసలు ఘట్టం. డాక్టరు ఎడమ చేతిలో లారింగోస్కోప్. చివర లైటు ఉన్న వంపు తిరిగిన బ్లేడు అది. కుడివైపు నుంచి నోట్లోకి పోనిచ్చి, నాలుకను ఎడమకు నెట్టి, నాలుక మొదలును పైకెత్తుతారు. శ్వాసనాళానికి మూతలా ఉండే ఎపిగ్లాటిస్ లేస్తుంది. దాని వెనక తెల్లగా, రెండు తాళ్లలా స్వరతంత్రులు కనిపిస్తాయి. వాటి నడుమ నుంచి పైపు లోపలికి పోతుంది. పైపు చివర ఉన్న బుడగను గాలితో నింపుతారు. మానిటర్ మీద కార్బన్ డయాక్సైడ్ గీత లేచిందంటే పైపు సరైన చోటే ఉందని అర్థం. ఛాతీకి రెండువైపులా స్టెతస్కోప్ పెట్టి మరోసారి చూస్తారు.

అన్నీ సవ్యంగా ఉంటే బ్లేడు నోట్లో ఉండేది పదిహేను సెకన్లు. ఆ కాస్తలోనే మానిటర్ మీద అంకెలు మారతాయి. 78 ఉన్న నాడి 110 దాటొచ్చు. బీపీ 190/105 కావొచ్చు. సాధారణంగా బ్లేడు తగిలిన కొద్ది సెకన్లలోనే పెరుగుదల మొదలై, ఒకటి రెండు నిమిషాల్లో శిఖరానికి చేరి, ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా పై బీపీ 20 నుంచి 40 పాయింట్లు పెరగడం మామూలే. బీపీ రోగుల్లో రెండువైపులా ఊగుతుంది. మత్తు ఎక్కగానే ఎక్కువ పడుతుంది, పైపు వేయగానే ఎక్కువ లేస్తుంది.

స్పృహ లేనప్పుడు గుండెకెలా తెలుస్తుంది?

ఇంటాయన గాఢనిద్రలో ఉన్నా, గేటు కదిలితే వాకిట్లో కుక్క మొరుగుతుంది. ఆ మొరుగు వినడానికి యజమాని లేవనక్కర్లేదు. నాలుక మొదలు, గొంతు వెనక భాగం, స్వరపేటిక చుట్టుపక్కల ప్రదేశం శరీరానికి అలాంటి వాకిలే. అన్నం మెతుకు పొరపాటున శ్వాసనాళం వైపు పోతే ప్రాణాపాయం. అందుకే అక్కడ నాడుల కాపలా గట్టిగా ఉంటుంది. ఆ నాడులు స్పర్శను మెదడు కాండానికి చేరవేస్తాయి. కాండం నుంచి సింపథెటిక్ నాడులకు ఆజ్ఞ పోతుంది. నారడ్రినలిన్, అడ్రినలిన్ రక్తంలోకి వస్తాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది. ఈ దారిలో స్పృహకు పాత్ర లేదు. స్పృహను ఆపేంత మత్తు ఇచ్చినా, ఈ ప్రతిచర్యను ఆపాలంటే ఇంకా లోతైన మత్తు కావాలి. లేదంటే దానికోసమే మరో మందు వేయాలి.

కండరాలను సడలించే మందుల గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. రోగి కదలకుండా పడి ఉన్నాడు కాబట్టి శరీరానికి ఏమీ తెలియదనుకుంటారు. ఆ మందు ఆపేది చేతులు, కాళ్లు, దవడ, ఛాతీ కండరాల కదలికను మాత్రమే. నాడులు పంపే కబురును అది ఆపదు, గుండెను కూడా ఆపదు. అందుకే కదలకుండా పడుకున్న మనిషి బీపీ 200 దాటుతుంటే మత్తు డాక్టరు అది మెషీను తప్పనుకోరు. మత్తు లోతు చాల్లేదేమోనని ముందు అదే చూస్తారు.

1940లో రీడ్, బ్రేస్ అనే ఇద్దరు వైద్యులు ఈ ప్రతిచర్య గురించి రాశారు. 1951లో కింగ్, ఆయన సహచరులు పైపు వేసేటప్పుడు బీపీ, నాడి ఎంత పెరుగుతాయో కొలిచి చూపారు. 1987లో వచ్చిన మరో పరిశీలన ఇంకో విషయం తేల్చింది. పైపు వేయకపోయినా, బ్లేడుతో నాలుక మొదలును ఎత్తినంత మాత్రాన బీపీ పెరుగుతుంది. పైపు లోపలికి పోయాక నాడి వేగం మరింత పెరుగుతుంది. కాబట్టి ఎత్తే బలం తగ్గించడం, ఎత్తి ఉంచే సమయం తగ్గించడం కూడా చికిత్సే.

ఎవరికి ముప్పు?

పాతికేళ్ల కుర్రాడికి ఐదు నిమిషాలు బీపీ పెరిగి దిగితే ఏమీ కాదు. మెట్లెక్కి వచ్చినట్టే పోతుంది. చిక్కంతా గుండెలోనో, మెదడులోనో, రక్తనాళాల్లోనో ఇప్పటికే బలహీనత ఉన్నవాళ్లకే.

గుండె రక్తనాళాల్లో పూడికలు ఉన్నవాళ్లకు బీపీ కన్నా నాడి వేగమే ఎక్కువ చేటు చేస్తుంది. ఎడమ జఠరిక కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సంకోచించేటప్పుడు కాదు, రెండు కొట్టుకోవడాల మధ్య వదులైనప్పుడు. నాడి 60 ఉంటే ఒక్కో కొట్టుకు ఒక సెకను దొరుకుతుంది. 120 అయితే అర సెకనే. అందులోనూ ముందుగా కోత పడేది ఆ వదులైన సమయానికే. పని పెరుగుతుంది, ఆక్సిజన్ అందే వ్యవధి తగ్గుతుంది. పూడిక ఉన్న గుండె అక్కడ తట్టుకోలేదు.

మెదడు రక్తనాళంలో బుడగలా ఉబ్బు ఉన్నవాళ్లకు బీపీ ఒక్కసారిగా ఎగిసినా అది పగిలే ప్రమాదం ఉంది. తలకు దెబ్బ తగిలి మెదడు వాచినవాళ్లలో పుర్రె లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కంటికి లోతైన గాయమైనవాళ్లలో కంటి ఒత్తిడి పెరిగి చూపుకే ఎసరు రావచ్చు.

గర్భిణుల సంగతి విడిగా చెప్పుకోవాలి. సిజేరియన్లు మామూలుగా వెన్నుకు మత్తిచ్చి చేస్తారు. వాటిలో గొంతులో పైపు వేయాల్సిన పని లేదు. కానీ గర్భంతో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన తల్లికి, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన తల్లికి పూర్తి మత్తు ఇవ్వక తప్పని సందర్భాలు వస్తాయి. అప్పటికే పై బీపీ 160 దాటిన ఆమెకు పైపు వేసేటప్పుడు మరో నలభై పాయింట్లు పెరిగితే మెదడులో రక్తస్రావం కావొచ్చు. అందుకే అలాంటి కేసుల్లో ముందు మందులతో బీపీ దించి, తర్వాతే లారింగోస్కోప్ పట్టుకుంటారు.

చిన్న పిల్లల్లో ఒక్కోసారి ఇదంతా తలకిందులు. గొంతు తాకగానే నాడి పెరగడానికి బదులు మందగిస్తుంది. అందుకే పిల్లల కేసుల్లో నాడిని పెంచే అట్రోపిన్ సిరంజి చేతికందేలా పెట్టుకుంటారు.

క్లోరోఫాం నాటి హైదరాబాద్ తగువు

మత్తులో ఊపిరిని కనిపెట్టాలా, గుండెను కనిపెట్టాలా? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతా కొట్టుకున్న రోజుల్లో తీర్పు కోసం చూసింది హైదరాబాద్ వైపే. అప్పటి మత్తుమందు క్లోరోఫాం. రుమాలు మీద చుక్కలు పోసి పీల్పించేవారు. దాంతో కొందరు బల్ల మీదే హఠాత్తుగా పోయేవారు. రెసిడెన్సీ సర్జన్‌గా, హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీది ఒకటే మాట. క్లోరోఫాం గుండెను చంపదు, ఊపిరి ఆగడం వల్లే మనిషి పోతాడు, కాబట్టి ఊపిరిని చూస్తే చాలు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకోగా 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ దాని ఫలితాన్ని ఒప్పుకోలేదు. నిజాం వెయ్యి పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపండన్నారు. 1889లో థామస్ లాడర్ బ్రంటన్ వచ్చారు. రెండో కమిషన్ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ మాటే నిజమని తేల్చింది.

ఆ స్కూల్లో ఆ రోజుల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ తర్వాత ఏళ్ల తరబడి హైదరాబాద్ ఆస్పత్రుల్లో క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా ఆమె పేరు చెబుతారు.

లారీ చెప్పినదాంట్లో సగం నిజం. ఊపిరిని కనిపెట్టమన్నది ఈనాటికీ చెల్లుతుంది. మిగతా సగాన్ని 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ బయటపెట్టారు. పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, వణికి ఆగిపోతోందని చూపారు. అంటే లోతైన మత్తు ఊపిరిని ఆపగలదు, పలచని మత్తు గుండెను ఆపగలదు. క్లోరోఫాం ఎప్పుడో పోయింది. ఇప్పటి మందులు గుండెను అంత సున్నితం చేయవు. కానీ పలచని మత్తులో అడ్రినలిన్ పొంగడం మంచిది కాదన్న పాఠం మిగిలింది. శ్వాసనాళంలో పైపు వేసి మత్తివ్వడం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, ముఖానికి గాయాలైన సైనికుల శస్త్రచికిత్సల్లో మాగిల్, రోబోథాం చేతుల మీదుగా స్థిరపడ్డాక, ఆ పాఠం రోజూ అవసరపడింది.

పగ్గం ఎలా వేస్తారు?

మందుల జాబితా పెద్దదే. డాక్టరు నేర్పు మందు పేరులో కన్నా సమయంలో ఉంటుంది. ఏ మందు ఎప్పుడు శిఖరానికి చేరుతుందో లెక్కవేసి, ఆ క్షణానికి బ్లేడు నోట్లో ఉండేలా చూసుకోవాలి.

ఫెంటానిల్ ఎక్కించిన మూడు నుంచి ఐదు నిమిషాలకు పూర్తిగా పట్టుకుంటుంది. వేసిన వెంటనే పైపు వేస్తే దాని ప్రయోజనం సగం పోతుంది. లిగ్నోకైన్ సూదిని పైపుకు ఒకటిన్నర నుంచి మూడు నిమిషాల ముందు వేస్తారు. అది కొందరిలో బాగా పనిచేస్తుంది, కొందరిలో అంతగా పనిచేయదు. ఎస్మొలాల్ నాడి వేగాన్ని ఒకటి రెండు నిమిషాల్లో పట్టుకుంటుంది. రక్తంలో దాని మోతాదు తొమ్మిది నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. కొద్ది నిమిషాలే ఉండే ఉప్పెనకు కొద్ది నిమిషాలే ఉండే మందు. డెక్స్‌మెడెటొమిడిన్‌ను మత్తుకు ముందే పది నిమిషాల పాటు మెల్లగా ఎక్కిస్తారు. మెదడు నుంచి వెళ్లే సింపథెటిక్ ఆజ్ఞనే అది తగ్గిస్తుంది. గర్భిణుల ఫిట్స్‌కు వాడే మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఇక్కడ సాయపడుతుంది. నైట్రోగ్లిసరిన్ బీపీని దించుతుంది గానీ, దానికి బదులుగా నాడిని పెంచగలదు. అందుకే అన్ని గుండెలకూ అది సరిపడదు.

ఇన్ని మందులున్నాయంటే, అందరికీ సరిపోయేది ఒక్కటీ లేదనే అర్థం. వైద్య కళాశాలల్లో అనస్థీషియా ఎండీ విద్యార్థులు ఈ మందుల్లో ఏది మెరుగు, ఈ మోతాదా ఆ మోతాదా అని నేటికీ పరిశోధన పత్రాలు రాస్తూనే ఉన్నారు.

మందు లేకుండా చేసే పనులూ ఉన్నాయి. కెమెరా ఉన్న వీడియో లారింగోస్కోప్‌తో స్వరపేటిక తెర మీద కనిపిస్తుంది, నాలుకను బలంగా ఎత్తక్కర్లేదు. చిన్న ఆపరేషన్లకు స్వరపేటిక దాటకుండా పైనే కూర్చునే లారింజియల్ మాస్కు చాలు. దానికి గుండె అంతగా ఉలికిపడదు. కాలికో, కడుపు కింది భాగానికో అయితే వెన్నుకిచ్చే మత్తుతో పైపే తప్పించవచ్చు. అన్నిటికన్నా చవకైన ఉపాయం అనుభవం ఉన్న చెయ్యి, తొందరలేని పని. మొదటిసారి కుదరక, రెండు మూడుసార్లు బ్లేడు పెట్టాల్సి వస్తే ఏ మందూ దాన్ని పూర్తిగా ఆపలేదు.

పైపు తీసేటప్పుడూ ఇదే కథ. మత్తు దిగుతుంటే దగ్గు వస్తుంది, బీపీ మళ్లీ లేస్తుంది. ఆపరేషన్ అయిపోయిందని బయట బంధువులు ఊపిరి పీల్చుకునే వేళ, లోపల మత్తు డాక్టరు మళ్లీ అంకెలను చూస్తూ ఉంటారు.

అదుపు అతి అయితే

బీపీ పెరగకుండా చూడటం ఎంత ముఖ్యమో, పడిపోకుండా చూడటం అంతే ముఖ్యం. పైపు వేశాక ఐదు పది నిమిషాల్లో ఉద్రేకం దానంతటదే చల్లారుతుంది. వేసిన మందులు మాత్రం ఇంకా ఒంట్లో ఉంటాయి. సర్జన్ కత్తి పెట్టే దాకా శరీరాన్ని కదిలించేది ఏదీ ఉండదు. అప్పుడు బీపీ జారి మెదడుకు, మూత్రపిండాలకు రక్తం చాలకపోవచ్చు. ఫెంటానిల్ ఊపిరిని మందగింపజేస్తుంది. డెక్స్‌మెడెటొమిడిన్ నాడిని మరీ నెమ్మది చేయగలదు. ఆస్తమా ఉన్నవాళ్లకు నాడిని తగ్గించే బీటా బ్లాకర్లు ఆచితూచి ఇవ్వాలి. రోడ్డు ప్రమాదంలో రక్తం పోగొట్టుకుని వచ్చిన మనిషికైతే ఈ మందుల్లో చాలావరకు ప్రమాదమే. అతన్ని అప్పటిదాకా నిలబెట్టింది ఆ అడ్రినలినే. అలాంటివారికి బీపీని అంతగా పడేయని కెటమిన్ లాంటి మందులు ఎంచుకుంటారు. ఒకాయనకు ప్రాణం కాపాడే సూది పక్కబెడ్డు ఆయనకు ప్రాణం మీదికి తెస్తుంది. తన అన్నకు ఇచ్చిన ఇంజెక్షనే తనకూ ఇవ్వమని రోగి అడిగితే డాక్టరు తలూపరు, అందుకే.

రోగి చేతిలో ఉన్నదేమిటి?

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చేసే పరీక్షను ఆస్పత్రుల్లో పీఏసీ అంటారు. నోరు తెరవమంటారు, నాలుక చాపమంటారు, మెడ వెనక్కి వంచమంటారు. పైపు సులువుగా పోతుందా, బ్లేడుతో ఎక్కువ బలం వాడాల్సి వస్తుందా అన్నది అక్కడే అంచనా వేస్తారు. కదిలే పన్ను ఉంటే, కట్టుడు పళ్లుంటే అప్పుడే చెప్పాలి. ఆస్తమా, ఫిట్స్, ఛాతీ నొప్పి, సిగరెట్, గుట్కా, మందు, కల్లు, దేన్నీ దాచొద్దు. ఇంట్లోవాళ్ల ముందు చెప్పడానికి ఇబ్బందైతే వాళ్లను బయట నిలబడమనండి.

బీపీ మాత్రలు సొంతంగా ఆపొద్దు. మెటొప్రొలాల్, అటెనొలాల్ లాంటివి హఠాత్తుగా మానేస్తే బీపీ, నాడి ఎదురుతిరిగి ఎగుస్తాయి. వాటిని ఆపరేషన్ రోజు పొద్దున ఒక గుక్క నీళ్లతో వేసుకోమనే చెబుతారు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి మాత్రలు మాత్రం మత్తులో బీపీని మరీ దించగలవు కాబట్టి ఒక రోజు ముందు ఆపమనవచ్చు. మీది ఏ రకం మాత్రో మీకు తెలియనవసరం లేదు. ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుపోతే డాక్టరు చూసుకుంటారు. మామూలు భోజనం ఆపరేషన్‌కు కనీసం ఆరు గంటల ముందు, నూనె, మాంసం ఉన్నదైతే ఎనిమిది గంటల ముందు ఆపాలి. నీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చని చాలాచోట్ల అనుమతిస్తారు. మీకు చెప్పిన వేళను కచ్చితంగా పాటించండి.

కూలి పని మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వస్తే, "బీపీ ఎక్కువుంది, తగ్గాక రండి" అని పంపేస్తే కడుపు మండుతుంది. పరీక్షలో బీపీ 180/110, ఆ పైన ఉంటే తొందర లేని ఆపరేషన్లను సాధారణంగా వాయిదా వేస్తారు. అది నిర్లక్ష్యం కాదు. పైపు వేసేటప్పుడు అక్కణ్నుంచి ఇంకో నలభై పైకి పోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. వాయిదా పడిన ఆ రోజులన్నీ మాత్రలు మానకుండా వేసుకోవడమే ఆపరేషన్‌కు మొదటి మెట్టు.

ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు గొంతు నొప్పి, గొంతు బొంగురు ఉండొచ్చు. తగ్గకపోయినా, మాట సరిగా రాకపోయినా చెప్పండి. డిశ్చార్జి అయ్యేముందు ఒక్క మాట అడగండి: "పైపు వేయడం కష్టమైందా? బీపీ ఎక్కువ పెరిగిందా?" అవునంటే ఆ సంగతి కాగితం మీద రాయించుకోండి. మళ్లీ ఎప్పుడైనా, ఏ ఊళ్లోనైనా బల్ల ఎక్కాల్సి వస్తే ఎక్స్‌రేలతో పాటు ఆ కాగితాన్నీ తీసుకెళ్లండి. అప్పుడు మత్తిచ్చే డాక్టరుకు మీ గొంతు, మీ గుండె కొత్త కావు.